స్ప్రింగ్ బ్రేక్ వారంలో పిల్లలతో ఏం చేస్తున్నారు? డాలస్ చుట్టుపక్కల వాళ్లు చెప్పండి

సింగరేణి_కోడలు | ఫిబ్రవరి 17, రాత్రి 10:40

అందరికీ నమస్తే. మార్చి మధ్యలో మా పిల్లలకు స్ప్రింగ్ బ్రేక్. మేముండేది ఫ్రిస్కోలో. పాప నాలుగో తరగతి, బాబు కిండర్‌గార్టెన్. మా ఆయనకు సరిగ్గా అదే వారం ఆఫీసులో రిలీజ్, సెలవు అడిగే పరిస్థితి లేదు. నాకు గురు, శుక్రవారాలు దొరికాయి. మిగతా రోజులు ఇంట్లో పిల్లలు, అత్తయ్య, మామయ్య. వాళ్లు ఖమ్మం నుంచి వచ్చి నెల దాటింది. మామయ్యగారికి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేరు. అత్తయ్యగారు బయట తిండి ముట్టరు.

డిస్నీ, క్రూజు లాంటివి చెప్పకండి ప్లీజ్. ఈ వేసవికి ఇండియా టికెట్లు కొనాలి. పొద్దున వెళ్లి రాత్రికి ఇంటికి వచ్చేసేవి, ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి చేసేవి ఏమైనా ఉంటే చెప్పండి. వదిలేస్తే వారమంతా ఐప్యాడే.

---

రెండుపిల్లలనాన్న | ఫిబ్రవరి 17, రాత్రి 11:25

గ్లెన్ రోజ్‌లో డైనోసార్ వ్యాలీ స్టేట్ పార్క్. ఇంకో మాట లేదండీ. ఫోర్ట్‌వర్త్ దాటి నైరుతి వైపు వెళ్లాలి, మీకు రెండు గంటలు పడుతుంది. పాలక్సీ అనే చిన్న ఏరు, దాని అడుగున ఉన్న రాతి మీద నిజమైన డైనోసార్ అడుగులు. దాదాపు 11 కోట్ల ఏళ్ల క్రితం అక్కడ సముద్రపు ఒడ్డు బురద ఉండేదట. ఆ బురదలో పడ్డ అడుగులే రాయిగా మారాయి. 1909లో వీటిని మొదట చూసింది ఓ బడి ఎగ్గొట్టిన కుర్రాడని చెప్తారు. ఆ మాట విన్నాక మావాడికి ఆ ఊరి మీద గౌరవం ఇంకా పెరిగింది.

మ్యూజియంలో లాగా అద్దాల వెనక పెట్టరు, మీరే ఏట్లో దిగి చూడొచ్చు. మూడు వేళ్ల అడుగొకటి ఉంటుంది, అందులో నీళ్లు నిలిచి చిన్న చేపపిల్లలు తిరుగుతుంటాయి. మా చిన్నది చెప్పులు విప్పి అందులో కాలు పెట్టింది. దాని రెండు కాళ్లూ పట్టి ఇంకా చోటు మిగిలింది. అడుగు పక్కన ఇంకో అడుగు, అక్కణ్ణుంచి మరొకటి, అలా లెక్కపెట్టుకుంటూ అవతలి గట్టు దాకా పోయాం. పిల్లల్ని బయటికి లాగడమే కష్టమైంది.

ముఖ్యమైన సంగతి: ఏట్లో నీళ్లెక్కువగా ఉంటే అడుగులు కనిపించవు. వేసవి చివర్లో అయితే బాగా కనిపిస్తాయి, మార్చిలో వాన పడితే కష్టం. బయల్దేరే ముందు పార్క్ వాళ్ల పేజీలో ఏటి పరిస్థితి చూసుకోండి. రోజు పాస్ ముందే ఆన్‌లైన్‌లో రిజర్వ్ చేయండి, స్ప్రింగ్ బ్రేక్‌లో గేటు దగ్గరికి వెళ్లి అడిగితే వెనక్కి పంపేస్తారు. టెక్సస్ స్టేట్ పార్కుల్లో 12 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు.

---

వైట్‌రాక్_వాకర్ | ఫిబ్రవరి 18, ఉదయం 6:50

నాన్నగారూ, ఆవిడ మామయ్యగారికి మోకాళ్ల నొప్పులని రాస్తే ఏట్లోకి దింపుతారా? అక్కడ రాళ్లు నాచుపట్టి జారతాయి. గేటు లోపల పెట్టిన పెద్ద డైనోసార్ బొమ్మల దగ్గర కూర్చోవడమే ఆయనకు మిగిలేది. ఆ బొమ్మలకూ చరిత్ర ఉంది లెండి, 1964లో న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్ కోసం చేసినవి.

సింగరేణి గారూ, మీ ఇంటి పరిస్థితికి వేకో మ్యామత్ నేషనల్ మాన్యుమెంట్ నయం. డాలస్ నుంచి ఐ-35 మీద గంటన్నర. 1978లో ఇద్దరు కుర్రాళ్లు ఏటి ఒడ్డున తిరుగుతుంటే పెద్ద ఎముక కనిపించింది. తవ్వితే కొలంబియన్ మ్యామత్‌ల (ఎప్పుడో అంతరించిపోయిన ఏనుగు లాంటి పెద్ద జంతువులు) మందే బయటపడింది, ఎక్కువ భాగం తల్లులు, పిల్లలు. ఒంటె ఎముకలు కూడా దొరికాయి. టెక్సస్‌లో ఒంటె ఏంటని మా పిల్లలు దారంతా వాదించుకున్నారు. 2015లో నేషనల్ మాన్యుమెంట్ చేశారు. ఎముకలు దొరికినచోటే ఉంచి, పైన షెడ్డు కట్టి ఏసీ పెట్టారు. గైడ్ తీసుకెళ్లి చూపిస్తారు, చదునైన దారి, నడక తక్కువ, వీల్‌చెయిర్ కూడా పోతుంది.

డాలస్‌లోనే అయితే ఆర్బొరేటం అనే పెద్ద పూలతోట. మార్చిలో తులిప్‌లు, డాఫొడిల్స్ విరగబూస్తాయి, 5 లక్షల దుంపలు నాటుతారు. కానీ స్ప్రింగ్ బ్రేక్‌లో పార్కింగ్ దొరకడం గగనం. పొద్దున గేటు తీసేసరికి అక్కడుంటేనే వెళ్లండి, లేకపోతే వద్దు.

---

పలనాటి_పొగరు | ఫిబ్రవరి 18, మధ్యాహ్నం 12:15

అందరూ గంట, గంటన్నర దూరంలోనే తిరుగుతున్నారు. పాప నాలుగో తరగతి అంటున్నారు కదా, ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదేం? ఈ దేశంలో నాలుగో తరగతి పిల్లలకు "ఎవ్రీ కిడ్ అవుట్‌డోర్స్" పాస్ ఫ్రీ. ఆ పాప పేరు మీద నేషనల్ పార్కులకు కారులో ఉన్న అందరికీ ఎంట్రీ ఫీజు ఉండదు. ఆగస్టు దాటితే పోయినట్టే, మళ్లీ రాదు. వెబ్‌సైట్‌లో పాపే ఓ చిన్న ఆట ఆడి వోచర్ తెచ్చుకోవాలి. దాన్ని కాగితం మీద ప్రింట్ తీసుకుని పట్టుకెళ్లండి.

అది పట్టుకుని న్యూ మెక్సికోలో వైట్ శాండ్స్‌కి పోండి. కనుచూపు మేర తెల్ల ఇసుక దిబ్బలు. అది మామూలు ఇసుక కాదు, జిప్సం, అందుకే ఎండలో కూడా కాళ్లు కాలవు. ప్లాస్టిక్ పళ్లెం లాంటి స్లెడ్డు మీద కూర్చుని దిబ్బ పైనుంచి జారాలి. మేం ఈసారి కూడా పోతున్నాం.

---

ఆస్టిన్_అల్లుడు | ఫిబ్రవరి 18, మధ్యాహ్నం 1:05

పలనాటి అన్నా, ఫ్రిస్కో నుంచి అది పది గంటల డ్రైవ్. మోకాళ్ల నొప్పులున్న పెద్దాయన్ని, బయట తిండి ముట్టని పెద్దావిడని, కిండర్‌గార్టెన్ పిల్లాణ్ని కూర్చోబెట్టుకుని ఒక్క ఆవిడే నడపాలా? పైగా మార్చి, ఏప్రిల్‌లో అక్కడ ఈదురుగాలి, కళ్లల్లో ఇసుకే. పక్కన క్షిపణి పరీక్షల రేంజ్ ఉంది, పరీక్ష ఉన్న రోజు కాసేపు రోడ్డు మూసేస్తారు. మీరు వెళ్లండి, బాగుంటుంది, కాదనను. ఆవిడకి మాత్రం వద్దు.

ఆస్టిన్ వచ్చేవాళ్లకి: కాంగ్రెస్ అవెన్యూ బ్రిడ్జి కింద గబ్బిలాలు మెక్సికో నుంచి తిరిగొచ్చేది మార్చిలోనే. పొద్దుగూకే వేళకు వంతెన కింద నుంచి నల్లటి పొగలా లేస్తాయి. ఎండాకాలంలో 15 లక్షల దాకా ఉంటాయి, మార్చిలో అంత గుంపు ఉండదు. కొన్ని రోజులు ఆలస్యంగా కూడా లేస్తాయి, పిల్లలకు జాకెట్ వెయ్యండి.

---

సింగరేణి_కోడలు | ఫిబ్రవరి 18, రాత్రి 9:30

నాలుగో తరగతి పాస్ సంగతి నాకు ఇప్పుడే తెలిసింది, చాలా థాంక్స్ అండీ. పాప అప్పుడే వోచర్ ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అతికించింది. వైట్ శాండ్స్ మాత్రం మా ఆయన ఉన్నప్పుడే, వేసవి చివరికి వీలైతే చూస్తాం.

సోమ, మంగళ, బుధవారాల సంగతి కూడా చెప్పండి. నేను పై గదిలో మీటింగుల్లో ఉంటాను. కింద నలుగురూ ఏం చేస్తారు?

---

తెనాలి_తాతయ్య | ఫిబ్రవరి 19, ఉదయం 5:20

అమ్మాయీ, నేనూ మీ మామగారి లాంటి వాణ్నే. ఇర్వింగ్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. ఒక పక్షం వైపు నుంచే మాట్లాడుతున్నారు అందరూ, ముసలివాళ్ల పక్షం నేను చెప్తాను. మాకు మ్యూజియం చూపించకపోయినా ఫరవాలేదు. ఏదో ఒక పని అప్పజెప్పండి. "మీరు కూర్చోండి నాన్నా" అన్న మాట వినీ వినీ విసుగొచ్చింది.

మా ఇంట్లో వామనగుంటలు ఆడిస్తున్నాను. పీట ఎక్కడ దొరుకుతుంది ఇక్కడ? కోడిగుడ్ల అట్టపెట్టె తీసుకున్నాం. డజను పెట్టెలో గుంటలు 12, మనకు కావలసింది వరసకు 7 చొప్పున 14. రెండో పెట్టె నుంచి రెండు గుంటలు కత్తిరించి టేపుతో అతికించాడు మనవడు. చింతగింజలు మీ అత్తగారి వంటింట్లోనే ఉంటాయి, చింతపండు పిసికినప్పుడల్లా దాచమనండి. గుంటకు ఐదేసి గింజలు. ఒక గుంటలోవి తీసి ఒక్కొక్కటే పంచుకుంటూ పోవాలి, చేతిలోవి అయిపోతే తర్వాతి గుంటలోవి తీసుకుని మళ్లీ పంచాలి. తర్వాతి గుంట ఖాళీ అయితే దాని పక్క గుంటలోవి గెలుచుకున్నట్టు. రెండాటలు కాగానే మా మనవడు ఏ గుంట నుంచి మొదలుపెడితే ఎక్కడ ఆగుతుందో ముందే లెక్కేస్తున్నాడు. వాళ్ల అమ్మ డబ్బు కట్టి పంపే లెక్కల క్లాసులో ఇంత శ్రద్ధ నేను చూడలేదు.

ఇంకో మాట. ఫోర్ట్‌వర్త్ స్టాక్‌యార్డ్స్ అనే పాత పశువుల సంత వీధుల్లో రోజూ పొద్దున 11:30కి, సాయంత్రం 4కి లాంగ్‌హార్న్ పశువుల్ని వీధిలో తోలుతారు. టికెట్ లేదు. కొమ్ముల కొన నుంచి కొనకు ఆరేడు అడుగులుంటాయి. ఆయన వ్యవసాయం చేసిన మనిషైతే తప్పకుండా తీసుకెళ్లమ్మా. ఈ టెక్సస్‌లో పెంచే బ్రాహ్మన్ జాతి పశువులు మన దేశపు పశువుల నుంచే వచ్చాయి, అందులో మన ఒంగోలు రక్తం కూడా ఉంది. మీ పిల్లలకు ఆ సంగతి ఆయన నోటితోనే చెప్పించండి.

---

పలనాటి_పొగరు | ఫిబ్రవరి 19, ఉదయం 8:10

తాతయ్యా, నమస్కారం. మా వైపు గుంటకు నాలుగేసి గింజలే. ఐదు పెడితే ఆట తెమలదు.

---

తెనాలి_తాతయ్య | ఫిబ్రవరి 19, ఉదయం 8:25

తెమలకపోతేనేం బాబూ, వారం సెలవు కదా.

---

వైట్‌రాక్_వాకర్ | ఫిబ్రవరి 19, ఉదయం 8:50

గారేజ్ నేల మీద సుద్దతో అష్టాచెమ్మా కూడా గీయించండి. అయిదు గళ్ల చొప్పున అయిదు వరసలు, గవ్వలు లేకపోతే పిస్తా పెంకులు పనికొస్తాయి. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. మీ అత్తయ్యగారు పిల్లల్ని చిత్తుగా ఓడిస్తారు, నాదీ పూచీ.

---

కాలేజీ_పిల్ల | ఫిబ్రవరి 19, సాయంత్రం 7:45

హాయ్, నేను ఇక్కడే పుట్టి పెరిగాను, ఇప్పుడు కాలేజ్ సెకండ్ ఇయర్. అమ్మ ఈ థ్రెడ్ చూపించింది. తెలుగు టైపింగ్ కొంచెం స్లో, ఏమనుకోకండి.

పిల్లల వైపు నుంచి ఒక మాట. మా నాన్న చిన్నప్పుడు చాలా చోట్లకు తిప్పారు, థాంక్స్ నాన్నా, కానీ సగం చోట్లు నాకు ఫోటోలు చూస్తేనే గుర్తొస్తాయి. ఫోటో లేకుండా గుర్తున్నది అర్కాన్సాలో క్రేటర్ ఆఫ్ డైమండ్స్. అది దున్నిన పొలం, 37 ఎకరాలు, అంతే. కింద పాత అగ్నిపర్వతం గొట్టం ఉంది. 1906లో ఆ పొలం యజమానికి వజ్రాలు దొరికాయి. ఇప్పుడు స్టేట్ పార్క్. టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్తే ఏం దొరికినా మనదే. 1924లో అక్కడ దొరికిన అంకుల్ శామ్ అనే వజ్రం 40 క్యారెట్ల పైనే, అమెరికాలో దొరికిన వాటిలో అదే పెద్దది.

జల్లెడ, పార, బకెట్ అద్దెకిస్తారు. మట్టి జల్లెడలో వేసి నీళ్ల తొట్టిలో ముంచి గుండ్రంగా ఆడిస్తే బరువైన రాళ్లు మధ్యకు చేరతాయి. దాన్ని ఒక్కసారి బల్ల మీద బోర్లించాలి, వజ్రం ఉంటే పైన మెరుస్తుంది. మా అమ్మమ్మ బియ్యం చెరిగే చేత్తో అది ఎంత బాగా చేసిందంటే పక్క టేబుల్ వాళ్లు వచ్చి నేర్చుకున్నారు. మాకు జాస్పర్, క్వార్ట్జ్ ముక్కలు దొరికాయి, వజ్రం లేదు. అక్కడి స్టాఫ్ మన రాళ్లు చూసి ఏది ఏమిటో ఫ్రీగా చెప్తారు. డాలస్ నుంచి నాలుగు గంటలు అవుతుంది కాబట్టి ఒక రాత్రి ఉండాలి. బట్టలు పోతాయి, ఎర్రటి బురద అసలు వదలదు.

ఇంకోటి, ఆంటీలూ, దయచేసి ప్రతిచోటా "ఇక్కడ నిలబడు, అటు చూడు, నవ్వు" అనకండి. బ్లూబానెట్ పూలలో నన్ను కూర్చోబెట్టి ఫోటో తీస్తుంటే ఫైర్ ఆంట్స్ కుట్టాయి. ఆ ఫోటో ఇంకా మా హాల్లో ఉంది.

---

రెండుపిల్లలనాన్న | ఫిబ్రవరి 19, రాత్రి 8:30

😂 ఆ ఫోటో లేని తెలుగు ఇల్లు ప్లానోలో ఉందా? డాలస్ వైపు బ్లూబానెట్స్ బాగా పూసేది ఏప్రిల్‌లోనే, స్ప్రింగ్ బ్రేక్‌లో తొందరపడి ఆ పూలకు పేరున్న ఎనిస్ ఊరికి పోకండి.

---

గోంగూర_గార్డెన్ | ఫిబ్రవరి 20, ఉదయం 10:00

విత్తనాలు! మార్చి మధ్యకల్లా మన దగ్గర మంచు పడే రోజులు దాదాపు అయిపోతాయి. గోంగూర, బెండ నేల వేడెక్కాకే, ఏప్రిల్‌లో వేయండి. పిల్లలతో అయితే మెంతులు వేయించండి. వంటింట్లో డబ్బాలోవే, రాత్రి నానబెట్టి పొద్దున వెడల్పాటి ట్రేలో చల్లి పైన పల్చగా మట్టి కప్పాలి. మూడు నాలుగు రోజుల్లో మొలకలు లేస్తాయి. చిన్నపిల్లలకు అంతకంటే ఓపిక ఉండదు కదా. మీ మామగారికి రైతు చెయ్యి ఉంటే ఆ పని ఆయనకే అప్పజెప్పండి. పెరట్లో మడి కట్టించుకోండి, మే నెలకు కాయగూరలు మీవే.

---

కారీ_టు_డాలస్ | ఫిబ్రవరి 20, మధ్యాహ్నం 2:10

మేం నార్త్ కరొలైనా నుంచి కొత్తగా వచ్చాం. ఇద్దరికీ సెలవు లేదు, అమ్మానాన్నలు కూడా ఇక్కడ లేరు. వారానికి క్యాంపులో వేద్దామంటే ఇద్దరు పిల్లలకు అడిగింది మా కారు ఈఎంఐ కంటే ఎక్కువ. పైగా మూడింటికే తీసుకెళ్లాలట. ఎవరైనా ఏం చేస్తున్నారు?

---

వైట్‌రాక్_వాకర్ | ఫిబ్రవరి 20, సాయంత్రం 4:40

మేం ఇద్దరు ముగ్గురు స్నేహితుల ఇళ్లు కలిపి రోజుకో ఇల్లు పెట్టుకుంటాం. సోమవారం ఒకరు సెలవు పెట్టి పిల్లలందర్నీ చూస్తారు, మంగళవారం ఇంకొకరు. ఎవరికీ వారమంతా సెలవు అక్కర్లేదు, పిల్లలకు జట్టు దొరుకుతుంది. మీ సిటీ లైబ్రరీ క్యాలెండర్ కూడా చూడండి. డాలస్‌లో డాలస్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్, క్రో మ్యూజియం రెండూ ఎంట్రీ ఫ్రీ. క్రోలో మన దేశపు శిల్పాలున్నాయి, దేవుళ్ల పేర్లు గుర్తుపట్టే పోటీ పెట్టండి. ఫోర్ట్‌వర్త్‌లో కింబెల్ కూడా, వాళ్ల సొంత కలెక్షన్ చూడ్డానికి డబ్బు తీసుకోరు. ఆ భవనం కట్టిన లూయీ కానే మన అహ్మదాబాద్ ఐఐఎం కూడా డిజైన్ చేశాడు. సోమవారం మాత్రం వెళ్లకండి, చాలా మ్యూజియాలకు ఆ రోజే సెలవు.

ఇంకో చిన్న మాట: మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరుగుతుంది. మన బ్రేక్‌కి అటూ ఇటూగానే వస్తుంది. మొదటి రోజే తెల్లారుజామున బయల్దేరే ప్లాన్ పెట్టుకుంటే పిల్లలు లేవరు, మీరూ లేవరు.

---

మోడరేటర్ | ఫిబ్రవరి 20, సాయంత్రం 6:00

పిల్లల్ని చూసుకునే జట్లు కట్టుకునేవాళ్లు ఫోన్ నంబర్లు, ఇంటి అడ్రసులు ఇక్కడ పెట్టొద్దు. ప్రైవేట్ మెసేజ్‌లో మాట్లాడుకోండి. రెండు పోస్టులు తీసేశాను.

---

సింగరేణి_కోడలు | మార్చి 22, రాత్రి 9:15

బ్రేక్ అయిపోయింది, ఎలా గడిచిందో అడుగుతూ మెసేజ్‌లు వచ్చాయి కాబట్టి రాస్తున్నా.

సోమవారం మామయ్యగారు పెరట్లో మడి కట్టారు. మోకాళ్లకు స్టూలు వేసుకుని కూర్చుని పిల్లలకు పనులు పురమాయించారు. ఇక్కడి నల్లరేగడి చూసి "ఇది మన పత్తి చేల మట్టే" అని తెగ ముచ్చటపడ్డారు. మెంతులు లేచాయి. మంగళవారం మధ్యాహ్నం వడగళ్ల వార్నింగ్, ఫోన్లు మోగాయి, అందరూ గారేజ్‌లో అష్టాచెమ్మా. అత్తయ్యగారు మొదటి ఆటలోనే పాపను ఓడించారు. అది ఏడ్చింది, ఆవిడ తగ్గలేదు. నేను మీటింగ్ మ్యూట్‌లో పెట్టుకుని మెట్ల మీద నుంచి చూశాను. ఐప్యాడ్ లేదా అంటే ఉంది, భోజనాల తర్వాత గంట. అది కూడా వద్దంటే నా ఉద్యోగం పోతుంది.

ఏట్లో నీళ్లు ఎక్కువగా ఉన్నాయని డైనోసార్ వ్యాలీ వదిలేశాం. గురువారం వేకో. వీల్‌చెయిర్ తీసుకెళ్లాం, మామయ్యగారు సగం దారి నడిచారు, సగం కూర్చున్నారు. పాపకు ఎముకలు నచ్చాయి, గైడ్‌ని ప్రశ్నలతో వదల్లేదు. బాబుకు అన్నింటికంటే నచ్చింది తాతయ్య వీల్‌చెయిర్ తోయడం. పులిహోర, దద్దోజనం ఇంటి నుంచే పట్టుకెళ్లాం.

శుక్రవారం స్టాక్‌యార్డ్స్. పదకొండున్నరకు ముందే వీధి అంచున కుర్చీ వేసుకుని కూర్చోబెట్టాం. మందలో ఒక ఎర్రది కొమ్ములు పక్కకు వంచుకుని జనం దగ్గరగా నడిచింది, మామయ్యగారు లేచి నిలబడ్డారు. తర్వాత గుర్రం మీదున్నతన్ని ఆపి, వీటికి మేతేంటి, గిట్టలకు నాడాలు కొడతారా అని తెలుగులోనే అడిగారు. పాప ఇంగ్లిష్‌లోకి మార్చింది. అతను టోపీ తీసి పది నిమిషాలు మాట్లాడాడు. తెనాలి తాతయ్యగారూ, ఒంగోలు సంగతి అతనికి కూడా చెప్పించాం.

---

తెనాలి_తాతయ్య | మార్చి 23, ఉదయం 5:30

చాలా సంతోషం అమ్మా. మీ అత్తగారు తగ్గకపోవడం ఇంకా బాగుంది. పిల్లలకు ఊరికే గెలిపిస్తే ఆట మీద రుచి పోతుంది. ఇంతకీ గుంటకు ఎన్ని గింజలు పెట్టారు?

---

సింగరేణి_కోడలు | మార్చి 23, ఉదయం 7:40

వామనగుంటలకు గుడ్ల పెట్టె దొరకలేదండీ, మేం గుడ్లు తినం. ఈ వారాంతం మఫిన్ ట్రేలతో మొదలుపెడతాం.

---

పలనాటి_పొగరు | మార్చి 23, మధ్యాహ్నం 12:30

నాలుగేసి పెట్టండి.

మేం వైట్ శాండ్స్ పోయొచ్చాం. మొదటి రోజు గాలి, ఆస్టిన్ అల్లుడు చెప్పినట్టే. రెండో రోజు పొద్దున గాలి ఆగింది, పిల్లలు స్లెడ్డు వదల్లేదు, మా ఆవిడ కూడా జారింది. ఇప్పుడు కారు సీట్ల కింద, సీట్‌బెల్టుల్లో, ఏసీ రంధ్రాల్లో అంతా ఆ తెల్ల పొడే. నీళ్లతో కడిగిద్దామా?

---

ఆస్టిన్_అల్లుడు | మార్చి 23, మధ్యాహ్నం 12:50

నీళ్లు తగిలించకండి అన్నా, జిప్సం తడిస్తే గడ్డకడుతుంది. మ్యాట్లు బయటకు తీసి పొడిగా దులిపి, సన్న మూతి వాక్యూమ్‌తో లాగండి. ఏసీ రంధ్రాలకు పాత పెయింట్ బ్రష్ వాడండి. క్యాబిన్ ఫిల్టర్ కూడా ఒకసారి తీసి చూసుకోండి.